మానిక్‌మా ఇద్దరు బిడ్డలు

మాణిక్యమ్మ ఆ దేవిడీ బంగళా గడప తొక్కేనాటికి జాహెదాకు ఇంకా పళ్లు మొలవలేదు. తల్లి కలరాతో పోయి నెల తిరగలేదు. పిల్ల ఎవరి చంకకూ పోదు, ఎవరు పట్టినా పాలు తాగదు, గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి నీలుక్కుపోతుంది. నానమ్మ ఖైసర్ బేగం తాయెత్తులు కట్టించింది, దిష్టి తీయించింది, ఇద్దరు ముగ్గురు దాదులను మార్చి చూసింది. చివరకు సికింద్రాబాదులో ఉండే ఒక దొరసాని డాక్టరమ్మ, "నా దగ్గర పనిచేసిన క్రైస్తవ ఆయా ఒకామె ఉంది. ఆమె చేతుల్లో పిల్లలు నిలుస్తారు" అని కబురు చేసింది. అట్లా పంతొమ్మిదివందల ముప్పైమూడో సంవత్సరం వానాకాలంలో మాణిక్యమ్మ యాకుత్‌పురా స్టేషనులో రైలు దిగి, గుడ్డ మూట ఒకటి చంకన పెట్టుకుని, ఆ ఎత్తయిన ప్రహరీ గోడల వెంట నడిచి వచ్చింది.

ఆ వారమే ఆమె తన సొంత బిడ్డను జిల్లాలోని ఒక మిషన్ బోర్డింగులో దించి వచ్చింది. బిడ్డ పేరు దొర్కా. ఐదేళ్లది. రైలు పట్టాల మీద గ్యాంగు పనిచేసే భర్త జ్వరంతో పోయాక, కడుపు చేతపట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియని ఆడమనిషికి ఆ బోర్డింగు తప్ప వేరే దిక్కు కనిపించలేదు. విడిచి వచ్చేటప్పుడు దొర్కా ఏడవలేదు. అమ్మ కొంగు చివర నోట్లో పెట్టుకుని నములుతూ నిలబడింది. వార్డెనమ్మ మెల్లగా ఆ కొంగును నోట్లోంచి తీసింది. తడిసిన ఆ కొంగు రైల్లో ఆరిపోయేదాకా మాణిక్యమ్మ పిడికిట్లో పట్టుకునే కూర్చుంది.

ఖైసర్ బేగం పరదా వెనక నుంచి ఆమెను పైకీ కిందికీ చూసింది. బేగం మాటలన్నీ ఉర్దూలోనే. "నీ ప్రార్థన నీ గదిలో చేసుకో, అడ్డు చెప్పను. కానీ నా మనుమరాలి చెవిలో నీ మతం మాట ఒక్కటి కూడా పడకూడదు. మాటిస్తావా?"

"ఇస్తున్నాను సర్కార్" అన్నది మాణిక్యమ్మ.

ఇచ్చిన మాట ఎంత బరువైనదో ఆ సాయంత్రమే తెలిసింది. పిల్లను ఒళ్లో వేసుకుని జోకొట్టబోతే, ఆమెకు వచ్చిన జోలపాటలన్నీ ఏసయ్య పాటలే. మాట ఇచ్చింది కదా, మాటలు విడిచిపెట్టి వట్టి రాగం తీసింది. నోరు మూసుకుని, గొంతులోనే. ఆ రాగానికి జాహెదా ఏడుపు ఆపి, కళ్లు పెద్దవి చేసి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత పాలు తాగింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఖైసర్ బేగం దుపట్టా అంచుతో కళ్లు ఒత్తుకుంది.

మాటలు వచ్చాక జాహెదా ఆమెను "మానిక్‌మా" అని పిలిచింది. ఇంటి భాష ఉర్దూ అయినా, ఆయా చంకలో పెరిగిన పిల్లకు తెలుగు కూడా దానంతటదే వచ్చేసింది. కోపమొస్తే ఉర్దూ, ముద్దొస్తే తెలుగు.

ముద్దు చేసినకొద్దీ ముదిరిందన్నట్టు, నాలుగేళ్లకు జాహెదా ఆ ఇంటిని ఆడించింది. తల్లిలేని పిల్ల అని నానమ్మ ఏమీ అనదు. తండ్రి మొహియుద్దీన్ మెత్తని మనిషి. పొద్దున కచేరీకి పోయి సాయంత్రం వచ్చాడంటే డాబా మీద తన పావురాల దగ్గరే ఉంటాడు. పనివాళ్లు పిల్ల చెప్పులు విసిరినా నవ్వాల్సిందే, గిల్లినా నవ్వాల్సిందే. మాణిక్యమ్మ అధికారం కూడా అంతంతమాత్రమే. రేపు యజమానురాలు కాబోయే పిల్లకు ఇవాళ జీతగత్తె ఏం నేర్పుతుంది? చెయ్యెత్తడానికి లేదు. దేవుడు చూస్తాడని చెప్పబోయినా, అది ఏ దేవుడని బేగం అడిగితే జవాబు లేదు.

ఒకరోజు పాలు పోసే బీరయ్య ముంగిట్లో వంగి బిందెలోకి పాలు వంపుతుంటే, జాహెదా మెట్ల పైనుంచి బురదనీళ్లు అతని నెత్తి మీద కుమ్మరించింది. తలకు చుట్టిన తెల్లటి రుమాలు మట్టిరంగు తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు పక్కున నవ్వారు. బీరయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు మాణిక్యమ్మ చూసింది. నవ్వకపోతే రేపటి నుంచి పాలు వద్దంటారేమోనన్న నవ్వు అది.

ఆమె ముందుకు వచ్చింది. "బీరన్నా, ఆ రుమాలు ఇటియ్యి" అని తీసుకుని, బావి దగ్గర గంగాళంలో నీళ్లు పోసి, కూర్చుని ఉతకడం మొదలుపెట్టింది. బీరయ్య "అయ్యో, నీకెందుకక్కా, ఇంట్ల పిండుకుంట" అంటూ చేతులు నలుపుకున్నాడు. జాహెదా మెట్లు దిగి వచ్చి కాసేపు చూసింది.

"నువ్వెందుకు పిండుతున్నవ్ మానిక్‌మా? నీళ్లు పోసింది నేను గదా."

"నువ్వు నా చేతుల్ల పెరిగే పిల్లవు. నువ్వు చేసిన తప్పు నాది గూడ అయితది."

"నువ్వు పొయ్యలే."

"పొయ్యలే. అయినా నాదే."

పిల్లకు అది అర్థం కాలేదు. మాణిక్యమ్మ చేతుల కేసి, మురికినీళ్ల కేసి మార్చి మార్చి చూసింది. తర్వాత గబుక్కున కూర్చుని, జరీ అంచు కుర్తా చేతులు తడుస్తున్నా లెక్కచేయక, గంగాళంలో రెండు చేతులూ ముంచింది. బీరయ్యకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "వద్దు చిన్నబీబీ, నీకు దండం పెడత" అని బతిమాలాడు. పిల్ల వినలేదు. రుమాలు తనే పిండి, తనే పట్టుకుపోయి అతని చేతిలో పెట్టింది.

పైన జాలీ కిటికీ వెనక నుంచి ఖైసర్ బేగం ఇదంతా చూసింది.

ఆ తర్వాత జాహెదా బీరయ్య కనిపిస్తే తనే ముందు సలాం చెప్పేది. చుట్టాలొస్తే లేచి నిలబడేది. అన్నం పెట్టిన మనిషి పేరు అడిగి షుక్రియా అనేది. "పిల్లకు అదబ్ మర్యాదలు ఎంత బాగా నేర్పారు!" అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటే బేగం మురిసిపోయేది. మాణిక్యమ్మ మాత్రం తలుపు పక్కన నిలబడి ఇంకో తలుపు గురించి ఆలోచించేది. ఎక్కడో జిల్లాలో, వరుసగా చాపలు పరిచిన పొడుగు గదిలో తన బిడ్డకు ఎవరు ఏం నేర్పుతున్నారో. జాహెదా జుట్టుకు నూనె రాస్తుంటే వేళ్లు ఇక్కడ, ప్రాణం అక్కడ. "ప్రభువా, ఈ పిల్లకు నేను కలిపి పెడుతున్న ముద్దలకు బదులు, అక్కడ నా బిడ్డకు ఎవరో ఒకరు ప్రేమగా ఒక్క ముద్ద పెట్టేటట్టు చూడు" అని రోజూ తన చిన్నగదిలో మోకరించి అడిగేది. దేవుడితో బేరం పెట్టొద్దని తెలుసు. అయినా పెట్టేది.

క్రిస్మసుకు ఒక్కసారి పోయి బిడ్డను చూసి వచ్చేది. పోయినప్పుడల్లా దొర్కా కొంచెం పొడుగయ్యేది, కొంచెం మాటలు తగ్గేవి. "మీ అమ్మాయంత వినయం గల పిల్ల మా బోర్డింగులోనే లేదు" అని వార్డెనమ్మ మనస్ఫూర్తిగా చెప్పేది. ఆ మాట తల్లికి గర్వంగానే ఉండేది. తిరుగు రైల్లో కూర్చున్నాక మాత్రం ఎందుకో గుండెలో కలుక్కుమనేది.

నలభయ్యో సంవత్సరం ఎండాకాలంలో బేగం తనంతట తనే అన్నది: "ఈసారి సెలవులకు నీ పిల్లను ఇక్కడికే పిలిపించుకో. జాహెదాకు తోడుగా ఉంటుంది."

దొర్కా వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. రెండు జడలు, ఉతికి ఉతికి రంగు వెలిసిన గౌను. గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, లోపలికి అడుగు పెట్టలేదు.

"రా బిడ్డా, కూసో."

"ఎక్కడ కూర్చోమంటారు అమ్మగారూ?"

కన్నబిడ్డ తనను వార్డెనమ్మను పిలిచినట్టు పిలిచింది. మాణిక్యమ్మ బిడ్డ చేయి పట్టి లోపలికి లాక్కుని, ఒళ్లో అదిమి కూర్చోబెట్టుకుంది. పన్నెండేళ్ల పిల్ల ఒళ్లో చెక్కముక్కలా బిగుసుకుని కూర్చుంది. లెమ్మంటే లేచింది. తినమంటే తిన్నది. చాలా అని అడిగితే, "మీ ఇష్టం" అన్నది.

జాహెదాకు దొర్కా అంటే ఒకటే సంబరం. ఆ ఇంట్లో ఇంకో పిల్ల అడుగుపెట్టడం అదే మొదటిసారి. తన బొమ్మలు, గాజులు, చివరకు తన పక్కబట్టలు కూడా తెచ్చి ఆమె ముందు కుప్పపోసింది. దొర్కా దేన్నీ ముట్టుకోలేదు. "ముట్టుకొమ్మని పెద్దోళ్లు చెప్పలే" అన్నది.

"అయితే నీకు పావురాలు చూపిస్త. అవి ముట్టుకోనక్కర్లే, చూస్తే చాలు" అన్నది జాహెదా.

డాబా మీద పావురాల గూళ్ల దగ్గరికి పోవడానికి పిల్లలకు అనుమతి లేదు. ఆ మధ్యాహ్నం ఇల్లంతా ఎండకు మాగన్నుగా పడుకున్న వేళ, దొర్కాను పిలుచుకుపోయే ముందు తనే ఒకసారి చూసి వద్దామని జాహెదా ఒక్కతే పైకెక్కింది. గూటి తలుపు గొళ్లెం తీసింది. ఎవరో దగ్గిన చప్పుడు విని భయపడి, తలుపు వేయకుండానే దిగి వచ్చేసింది. ఆ సందులో పిల్లి దూరింది. సాయంత్రం మొహియుద్దీన్ పైకి పోయి చూస్తే, ఏళ్ల తరబడి కన్నబిడ్డల్లా పెంచుకున్న తెల్ల పావురాల జంట ఈకలే మిగిలాయి.

మెత్తని మనిషికి కోపమొస్తే చూడలేం. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ నడిమింట్లోకి పిలిపించాడు. "గొళ్లెం ఎవరు తీశారు?" అని అరిచాడు. జాహెదా నానమ్మ వెనక, ఆమె దుపట్టా పట్టుకుని నిలబడి ఉంది. అతని చూపు తిరిగి తిరిగి ఇంటికి కొత్తగా వచ్చిన పిల్ల మీద ఆగింది.

"నువ్వా?"

దొర్కా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తల వంచి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు అన్నది: "నేనే సాహెబ్. తప్పయింది. క్షమించండి."

ఆ మధ్యాహ్నమంతా దొర్కా తల మాణిక్యమ్మ మోకాళ్ల మధ్యే ఉంది. చిక్కులు తీసి, పేలు చూసి, నూనె పెట్టి, రెండు జడలూ అల్లిన దాకా ఆ పిల్ల కదిలితే కదా.

"సర్కార్" అన్నది మాణిక్యమ్మ. అన్నేళ్లలో ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ లేవలేదు. "నా బిడ్డ అబద్ధం చెబుతోంది. గొళ్లెం తీసింది తను కాదు. మధ్యాహ్నమంతా నా దగ్గరే ఉంది."

ఖైసర్ బేగం కళ్లు చిట్లించింది. "అయితే ఎవరు తీశారంటావు?"

"అది నేను చెప్పను. నాకు తెలియదు కూడా. ఈ ఇంటి ఉప్పు తింటున్నాను, ఎవరి మీదా వేలు చూపను. నా బిడ్డ తీయలేదని మాత్రం చెబుతాను."

దొర్కా భయంతో అమ్మ కొంగు లాగింది, ఊరుకోమన్నట్టు. అప్పుడు బేగం వెనక నుంచి ఏడుపు వినబడింది. జాహెదా బయటికి వచ్చింది. తండ్రి ముందు నిలబడి, వెక్కిళ్ల మధ్య, "నేనే తీశాను అబ్బాజాన్. పిల్లి వస్తుందని తెలియదు" అన్నది. తర్వాత ఎవరూ చెప్పకుండానే దొర్కా దగ్గరికి పోయి, ఆమె రెండు చేతులూ పట్టుకుని తల వంచింది. "మాఫ్ చెయ్యి అక్కా."

పనివాళ్లందరి ముందు.

మొహియుద్దీన్ కోపం చప్పున చల్లారింది. పిల్లను ఎత్తుకుని పైకి పోయాడు. ఖైసర్ బేగం మాత్రం కూర్చున్న చోటనే కూర్చుండిపోయింది. ఆమె ముఖం చూస్తే మాణిక్యమ్మకు తన రోజులు ఇక్కడితో సరి అనిపించింది.

గదిలోకి వచ్చాక బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చెయ్యని తప్పు చేసిన అని ఎందుకు చెప్పినవ్ బిడ్డా?"

దొర్కాకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "పెద్దోళ్లు అడిగిన్రు గదా. ఎదురు చెప్పొద్దు. బోర్డింగుల ఏమన్న పోతే, ఎవరో ఒకరు నేనే అనేదాక అందరిని నిలబెడ్తరు. నేనే అంటే లొల్లి జల్ది అయిపోతది. చిన్నపిల్లలు గూడ కూసుంటరు."

"ఎన్నిసార్లు అన్నవ్ గట్ల?"

దొర్కా లెక్కపెట్టడానికి ప్రయత్నించి, మానేసింది.

మాణిక్యమ్మ గోడకు ఆనుకుంది. బీరయ్య రుమాలు పిండుతూ తను అన్న మాట, ఇప్పుడు బిడ్డ చేసిన పని, పైకి రెండూ ఒకటే. ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకోవడం. ఏసయ్య కూడా అదే చేశాడు. అయినా ఇది అది కాదని ఆమె పేగు చెబుతోంది. ఆయన తన ఇష్టంతో ఒంగాడు. ఈ పిల్లకు నిటారుగా నిలబడితే ఎట్లా ఉంటుందో కూడా ఎవరూ చూపించలేదు.

"దేవుడు తల వంచుమన్నడు బిడ్డా" అన్నది చివరకు. "తల తీసి పక్కన పెట్టుమనలే. పెద్దోళ్లకు మర్యాద ఇయ్యాలె. అబద్ధం మాత్రం ఇయ్యొద్దు. అబద్ధం ఇస్తే అది మర్యాద గాదు, మోసం."

దొర్కా "సరే అమ్మగారూ" అన్నది. అదీ పాఠం అప్పజెప్పినట్టే.

మరునాడు పొద్దున బేగం పిలిపించింది. మాటలో కోపం లేదు. "నువ్వు మంచిదానివి మాణిక్యమ్మా. నీ చేతి చలవ వల్లే నా మనుమరాలు బతికింది, అది మరిచిపోను. కానీ రేపు అది ఒక ఇంటిని ఏలాలి. పనిమనిషి కూతురి ముందు తల వంచిన పిల్ల మాట రేపు ఎవరు వింటారు?"

"తల వంచింది నిజం ముందు సర్కార్. నా బిడ్డ ముందు కాదు."

"నీకు అట్లా కనిపిస్తుంది. చూసినవాళ్లకు ఇట్లా కనిపించింది." బేగం దుపట్టా సర్దుకుంది. "నీ పిల్లను రేపే బోర్డింగుకు పంపించెయ్యి. మళ్లీ ఇక్కడికి రావద్దు. నువ్వు మాత్రం ఉండు. నువ్వు లేకపోతే జాహెదా ఉండలేదు."

లోపల ఎక్కడో జాహెదా పాడుకుంటోంది, మాటల్లేని ఆ రాగం. "నా బిడ్డను ఇంకోసారి దించి రాలేను సర్కార్" అన్నది మాణిక్యమ్మ.

బేగం తల ఊపింది. ఆమె కళ్లలో కూడా నీళ్లున్నాయి. "అయితే మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక వెళ్లిపో. చూస్తే నిన్ను పోనివ్వదు, దాని ఏడుపు నేను పడలేను. నా ఈ ఒక్క మాట విను."

విన్నది. పెద్దావిడ మాట కదా అని విన్నది. నిద్రపోతున్న జాహెదా నుదుటి మీద వెంట్రుకలు సర్ది, పాదాలు రెండూ ముద్దుపెట్టుకుని, దొర్కా చేయి పట్టుకుని గేటు దాటింది.

యాకుత్‌పురాలోనే, స్టేషను అవతలి సందులో ఒక గది అద్దెకు దొరికింది. నయాపూల్ దగ్గరి పెద్ద దవాఖానాలో ఆడవాళ్ల వార్డులో ఆయా పని దొరికింది. దొర్కాను పగటి బడిలో వేసింది. దేవిడీ అక్కడికి పట్టుమని పావుగంట నడక కూడా లేదు. అయినా అది ఏ దూరదేశమో అయిపోయింది. జాహెదా మొదటి నెలంతా అన్నం ముట్టలేదనీ, జ్వరం తెచ్చుకుందనీ, గుమ్మంలో కూర్చుని మానిక్‌మా ఎప్పుడొస్తుందని అడిగిందనీ బీరయ్య పాలు పోస్తూ చెప్పేవాడు. మాణిక్యమ్మ చెప్పొద్దనేది. చెప్పకపోతే మళ్లీ తనే అడిగేది.

దొర్కాతో ఇంకో రకం కష్టం. వచ్చిన కొత్తలో ఒకరోజు కుండ పక్కన నిలబడి, "నీళ్లు తాగొచ్చా అమ్మగారూ?" అని అడిగింది. మాణిక్యమ్మ చేస్తున్న పని వదిలేసి బయటికి పోయి, గోడ చాటున ఏడ్చి వచ్చింది. "మన ఇంట్ల నీళ్లకు ఎవరిని అడుగుతవ్ బిడ్డా? నీ కుండ, నీ నీళ్లు" అన్నది. "నన్ను అమ్మా అను. గారు తీసెయ్యి."

గారు పోవడానికి ఏడాది పట్టింది. మాణిక్యమ్మ ఓపిక పట్టింది. వంకాయ వండనా బెండకాయ వండనా అని అడిగి, ఒకటి చెప్పేదాకా పొయ్యి వెలిగించేది కాదు. ఆదివారం ఏసయ్య గుడిలో విన్న మాటల మీద నీకేమనిపించింది అని అడిగేది. తల్లిదండ్రులను గౌరవించమని చెప్పిన పాఠం వచ్చినరోజు, "తల్లి తప్పు చేస్తే?" అని దొర్కా తనంతట తనే అడిగితే, మాణిక్యమ్మకు పండుగలా అనిపించింది. "అప్పుడు మర్యాదగ చెప్పాలె. మెల్లగ చెప్పాలె. చెప్పుడు మాత్రం చెప్పాలె" అన్నది.

ఏళ్లు గడిచాయి. యుద్ధం ముదిరింది, బియ్యం కరువొచ్చింది, యుద్ధం పోయింది. దవాఖానా నుంచి వచ్చేటప్పుడు మాణిక్యమ్మ చార్మినార్ మీదుగా చుట్టు తిరిగి వచ్చేది. గాజుల అంగళ్ల ముందు పరదాలు కట్టిన బగ్గీ ఆగితే ఆమె కాళ్లు కూడా ఆగేవి. పరదా కదిలితే చాలు, ఏ చేయి కనిపిస్తుందోనని చూసేది. ఎప్పుడూ ఆ చేయి కాదు. ఒక్కోసారి అంగట్లో చిన్నపిల్లల గాజులు చూసి, "ఇవి సరిపోతయి" అనుకునేది. జాహెదా పెద్దదైపోయిందని వెంటనే గుర్తొచ్చి, కింద పెట్టేసేది.

నలభయ్యేడో సంవత్సరం మొదట్లో బీరయ్య పాలచెంబు కింద పెట్టి, "అక్కా, చిన్నబీబీ పెండ్లి కుదిరింది. ఔరంగాబాద్ సంబంధం. జాలీ ఎనకకెల్లి నన్ను పిలిచి, మానిక్‌మాను తప్పకుంట రమ్మను అన్నది" అని చెప్పాడు.

మాణిక్యమ్మ పెట్టె అడుగు నుంచి తెల్లచీర తీసింది. దొర్కాను తోడు రమ్మన్నది. దొర్కాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు, బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఒక్క క్షణం ఆగి, "పోదాం పా" అన్నది.

దేవిడీ నిండా జనం. ఆడవాళ్ల వైపు అత్తరు వాసన, మల్లెల వాసన. ఖైసర్ బేగం చూపు మందగించి, దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పేరు చెప్పగానే, "వచ్చావా?" అని మాత్రం అని, చేయి చాచి తడిమి, మాణిక్యమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది. కాసేపు విడవలేదు. "పో. లోపల ఉంది."

పెళ్లికూతురు ఎర్రటి ముసుగులో, గడ్డం గుండెకు ఆనేటట్టు తల వంచి కూర్చుంది. పెళ్లికూతురు తలెత్తకూడదు, మాట్లాడకూడదు. చుట్టూ బంధువులైన ఆడవాళ్లు, పాటలు. మాణిక్యమ్మ ఎదురుగా కూర్చుని, అరచేతులతో పిల్ల తల చుట్టూ దిష్టి తీసి, తన కణతల మీద వేళ్లు విరిచింది. ముసుగు కింద నుంచి గోరింట పండిన చేయి ఒకటి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. పక్కవాళ్లకు అర్థం కాకుండా, తెలుగులో, గుసగుసగా వినిపించింది.

"చెప్పకుంట పోయినవేంది మానిక్‌మా?"

ఎన్ని జవాబులు దాచుకుని వచ్చిందో మాణిక్యమ్మ. "పెద్దోళ్లు పొమ్మన్నరు బిడ్డా" అనబోయి ఆపేసింది. "నిన్ను లేపి, చెప్పి పోవాల్సుండె. నాకు ధైర్యం చాలలే. మాఫ్ చెయ్యి" అన్నది.

ముసుగు కదిలింది. ఏడుస్తోందో, తల ఊపిందో తెలియలేదు. పట్టు మాత్రం ఇంకా బిగిసింది. ఇంతలో నిఖా వేళయిందని ఎవరో వచ్చి ఆడవాళ్లను పక్కకు జరిపారు. ఆ చేయి వేలు వేలుగా విడిపోయింది. పిల్ల ముఖం మాణిక్యమ్మ చూడనే లేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. దారంతా మాణిక్యమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. దొర్కా గది తలుపు తీసి, చాప పరిచి, అమ్మకు నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఒక మాట చెప్తే కోపం జెయ్యవు గదా."

"చెప్పు బిడ్డా."

"నువ్వు నా కోసమే ఆ ఇల్లు ఇడిచిపెట్టినవ్. నాకు తెలుసు. బతికినంత కాలం మర్చిపోను. కానీ నువ్వు ఈడ నా పక్కన పండుకొని గూడ ఆ పిల్ల కోసమే ఏడ్చినవ్. ఇన్నేండ్లు. చార్మినార్ దిక్కుకెల్లి నువ్వు ఎందుకు తిరిగొస్తవో నాకు తెల్వదనుకున్నవా? బోర్డింగుల ఉన్నప్పుడు అమ్మ దూరం ఉన్నదని ఏడ్చేదాన్ని. దగ్గర ఉన్నంక గూడ నాకు సగం అమ్మనే దొరికింది."

దొర్కా గొంతు పెంచలేదు. కళ్లలోకి చూస్తూ, మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది.

మాణిక్యమ్మకు మొదట ఇంత చేసిన తల్లిని ఇంత మాట అంటుందా అని నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా బిడ్డ చేతులు చూసింది. దొర్కా తన చేతులు రెండూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది. భయం వేస్తోంది. భయంతోనే చెప్పింది.

"నిజమే బిడ్డా" అన్నది మాణిక్యమ్మ.

ఆ ఒక్క మాట అనడానికి, నడిమింట్లో సాహెబ్ ముందు నోరు తెరవడానికి పట్టినంత బలం పట్టింది. ఇంకా ఏమైనా అనాలని చూసింది. ఆ పిల్ల మీద ప్రేమ తగ్గలేదనీ, తగ్గదనీ, అయినా అదేదీ దొర్కా వాటాలోంచి తీసుకోవాలనుకోలేదనీ. అవన్నీ తనను తాను కాపాడుకునే మాటల్లా అనిపించాయి. అందుకే వంగి, బిడ్డ చేతులు విడదీసి, తన ముఖానికి ఆనించుకుంది. "నాదే తప్పు. కడుపుల పెట్టుకో."

దొర్కా ఏడ్చింది. చిన్నప్పుడు బోర్డింగు గుమ్మంలో ఏడవని ఏడుపు, గదిలో ఒళ్లో బిగుసుకుని కూర్చుని ఏడవని ఏడుపు అంతా ఏడ్చింది. మాణిక్యమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ఈసారి ఆ తల మెత్తగా వాలింది.

చాలాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ దొర్కా అడిగింది. "అమ్మా, జాహెదాకు మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో, ఏం చూసి నవ్వేదో నువ్వు ఎన్నోసార్లు చెప్పినవ్. నా ముచ్చట ఒక్కటి గూడ చెప్పలే. నేను ఎట్లుంటుంటి?"

మాణిక్యమ్మ అవన్నీ ఎక్కడో పెట్టేసింది, తీస్తే మనిషి నిలవదని భయపడి. ఇప్పుడు ఒక్కొక్కటే వెతుక్కుంది.

"నువ్వు పుట్టిననాడు మస్తు వాన" అని మొదలుపెట్టింది. "మీ నాయిన పట్టాల మీదికెల్లి ఉరుక్కుంట వచ్చి, తడిసిన చేతులతోని ఎత్తుకోబోతే నేను వద్దన్న. నువ్వేమో అప్పుడే ఆయన వేలు పట్టుకున్నవ్. ఇడిపించుదమంటే ఇడువలే. ఆయన డ్యూటీకి పోకుంట గట్లనే కూసున్నడు..."

బయట యాకుత్‌పురా స్టేషనులో సాయంత్రం బండి కూతపెట్టి ఆగింది. దిగినవాళ్ల మాటలు సందులోంచి వినబడుతున్నాయి. దొర్కా కదలకుండా, "ఇంకా చెప్పు" అన్నది.